మూతి కట్టిన పైపు

మీ ఇంట్లో స్నానాల గది మూలన నేలమీద ఉండే జాలీని ఎప్పుడైనా ఎత్తి చూశారా? చూడకపోతే ఒకసారి చూడండి. దాని కింద చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. అందులో కాసిని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. మా పనివాళ్లు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. ఆ నీళ్లు చూసి, "ఏందిది, నీళ్లు పోతలేవు" అని మాకు ఫిర్యాదు చేసినవాళ్లు ఎంతోమంది. అవి పోకూడదు. మీ ఇంటికీ వీధి కింద పారే మురుగుకూ మధ్య ఉన్న తలుపు ఆ కాసిని నీళ్లే. అవి లేకపోతే మురుగు గాలి నేరుగా ఇంట్లోకి వస్తుంది. లెట్రిన్ గిన్నెలో కొంచెం నీళ్లు నిలిచి ఉండేదీ అందుకే.

నా ఉద్యోగమంతా ఈ నీళ్ల తలుపులకు కాపలా కాస్తూ గడిచింది. సికింద్రాబాద్‌లో మా సంస్థ స్టాఫ్ క్వార్టర్లకు నీటి పైపులు, మురుగు పైపులు చూసే సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ డైరీ రాయడం అలవాటు. మా ఆవిడ ఒకసారి వాటిని తిరగేసి, "ఇన్ని పుస్తకాల్లో నేను ఎక్కడా లేను, లెట్రిన్లు మాత్రం పేజీ పేజీకీ ఉన్నాయి" అంది.

ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికి వచ్చి, మరచిపోలేని కేసు ఏదైనా చెప్పమన్నారు. ఏదో పెద్ద లైను పగిలి బజారు మునిగిన కథ చెబుతాననుకున్నట్టున్నారు. నాకు మాత్రం బోయిగూడ క్వార్టర్లలో ఒక బాత్రూం వాసన గుర్తొచ్చింది. వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అది మూడంతస్తుల పాత బ్లాకు, నేను చెప్పే మూడిళ్లూ ఒకదాని మీద ఒకటి. కింది ఇంటి లైను వేరుగా బయట మురుగు చేరే గుంతలోకి, అంటే చాంబర్‌లోకి, పోతుంది. మధ్య ఇల్లు, పై ఇల్లు మాత్రం ఒకే నిలువు పైపు మీద ఉన్నాయి. స్నానం నీళ్లూ లెట్రిన్ నీళ్లూ అందులోంచే దిగుతాయి. ఆ పైపు పై ఇంటితో ఆగదు. డాబా దాటి పైకి వెళ్లి, అక్కడ నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

మధ్య ఇంట్లో మా సంస్థ డ్రైవర్ ఒకాయన కుటుంబం ఉండేది. ముస్లింలు. ఇంట్లోనూ బయటా తెలుగే మాట్లాడేవారు. ఆయన భార్య ఇంట్లో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టేది. లైనింగ్ బట్ట, లేసులు రెజిమెంటల్ బజార్ నుంచి ఎంచి ఎంచి తెచ్చేది. చుట్టుపక్కల సందుల్లో ఆడవాళ్లు చాలామంది ఆమె దగ్గరికే వచ్చేవారు. కూతురి కాలేజీ చదువు ఆ మిషన్ మీదే నడిచేది. పై ఇంట్లో ఒక క్లర్కు, ఆయన భార్య, పాప, ఆయన తల్లి. ఆ పెద్దావిడను బ్లాకంతా అవ్వ అనేది.

ఎండలు ముదరగానే మధ్య ఇంటి బాత్రూంలో మురుగు వాసన మొదలయ్యేది. మెట్ల మీదుగా పై ఇంటికి పాకేది. ఫిర్యాదు రాగానే నేనూ మా మేస్త్రీ వెళ్లేవాళ్లం. ఆయన నాకంటే వయసులో పెద్ద. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు. చాంబర్ మూత ఎత్తి, వెదురు బద్దలు తోసి, అతుకులకు సిమెంటు పెట్టి వచ్చేవాళ్లం. వాసన తగ్గేది కాదు. మళ్లీ వెళ్లేవాళ్లం. ఇంతలో వానలు పడేవి, వాసన పోయేది. మా పనివల్లే పోయిందని వాళ్లూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం. ఒక ఏడాదైతే బ్లాకువాళ్లు సంతోషం పట్టలేక మేస్త్రీకి జరీ అంచు శాలువా కప్పారు. ఆయన ఆ రోజంతా దాన్ని భుజం మీంచి దించలేదు. "చూసిన్రా సార్, నా చెయ్యి పడితే వాసన సుత పరేషాన్ అయి ఉరుకుతది" అన్నాడు.

మరుసటి ఎండాకాలం వాసన మళ్లీ వచ్చింది. ఈసారి బ్లాకువాళ్ల వాట్సాప్ గ్రూపులో మాటలు మారాయి. పైపులు ఎన్నిసార్లు బాగుచేసినా మళ్లీ అదే అంటే, తేడా పైపుల్లో కాదు, మనుషుల్లో ఉందని ఎవరో రాశారు. మాంసం కడిగిన నీళ్లు బాత్రూంలో పోస్తారని ఇంకెవరో చూసినట్టే రాశారు. చివరికి అర్జీ తయారైంది: మధ్య ఇంటివాళ్లను ఊరి చివర యాప్రాల్ క్వార్టర్లకు మార్చాలి. మొదటి సంతకం పై ఇంటి కోడలిది.

అర్జీ మా ఇంజనీర్ మేడమ్ బల్ల మీదికి వచ్చింది. ఆమె నన్ను పిలిచి, "లోపం పైపులదా, వాడకానిదా? మీరు ఏది రాస్తే అదే పైకి పంపుతాను. వాడకం అని రాస్తే వాళ్లు ఇల్లు మారాల్సిందే. కాబట్టి బాగా చూసి రాయండి" అంది.

మర్నాడు మేస్త్రీతో కలిసి వెళ్లాను. మధ్య ఇంటామె మిషన్ ఆపి లేచింది. పక్కన కుట్టవలసిన బట్టలు పెద్దగా లేవు.

"రాండ్రి సార్. యాప్రాల్ పొమ్మంటున్రట గదా."

"ఇంకా ఏమీ తేలలేదమ్మా."

"పొమ్మంటే పోతం. కానీ ఆడ నన్నెవరు ఎరుగుతరు? ఈ గల్లీల ఒక్కొక్కరి కొలత నాకు టేపు లేకుండ యాదికుంటది. ఆడ మల్ల మొదటికెల్లి షురూ చెయ్యాల్నా? ఇప్పటికే కంపు కంపు అని బేరగాళ్లు గుమ్మంల కెల్లే మల్లిపోతున్రు." చేతులు చాపి చూపించింది. వేళ్లన్నీ పగిలి ఉన్నాయి. "రోజు యాసిడ్, రోజు ఫినాయిల్. నీళ్లు పోస్తే జెరసేపు వాసన ఆగుతది. మల్ల గుడగుడ చప్పుడైతది, మల్ల షురూ."

ఆ చప్పుడు సంగతి నేను అడిగేలోపు మేస్త్రీ జాలీ ఎత్తి, చెయ్యి పెట్టి, సన్నగా ఏదో బయటికి లాగాడు.

"సార్, దారం."

రంగురంగుల దారపు పోగులు, ట్రాప్ అంచు మీంచి అవతలికి వేలాడుతున్నాయి. దీపంలో వత్తి నూనెను లాగినట్టు, అలా వేలాడే దారం ట్రాప్‌లోని నీళ్లను నెమ్మదిగా ఆవలికి లాగేస్తుంది. నీళ్లు పోతే తలుపు తెరుచుకున్నట్టే. ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతి. నాకు జవాబు దొరికిందనిపించింది. ఆమె ముందుకు వచ్చి ఆ పోగుల్ని చూసింది.

"బట్టలకు అంటిన పోగులు స్నానం చేసేటప్పుడు పోయినయేమో సార్. అంటే తప్పు మాదేనా?"

కిందికి దిగాక మేస్త్రీ చేతులు కడుక్కుంటూ, "సార్, దారం తీసేసినం. ఇగ వాసన పోతదా పోదా సూసి రాయండ్రి. రాసినంక సూస్తే ఏం ఫాయిదా?" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఆమె జాలీ కింద సన్నని నెట్ బట్ట ముక్క కుట్టి పెట్టింది. ఆ తర్వాత ఒక్క పోగు లోపలికి పోలేదు. వాసన మాత్రం వస్తూనే ఉంది. అంటే దారం దొరికిన మాట నిజమే, దొంగ మాత్రం అది కాదు.

ఈసారి బట్టలకు పెట్టే నీలిమందు తెప్పించాను. నీళ్లలో కలిపి ట్రాప్ నిండా పోసి, బాత్రూం గుమ్మం ముందు పీటలు వేసుకుని కూర్చున్నాం. నీళ్లు తగ్గితే నీలిరంగు వల్ల ఇట్టే తెలుస్తుంది. ఆమె చాయ్ తెచ్చి ఇచ్చి మమ్మల్ని చూసి నవ్వింది. వారం రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదటిసారేమో.

"ఏంది సార్, చేపల కోసం కొంగలు కూసున్నట్టు కూసున్నరు."

"చేపలు లేవమ్మా, నీ గిరాకీ దొంగను పట్టాలె" అన్నాడు మేస్త్రీ. ఆ గుమ్మం ముందే ఇష్టంగా చాయ్ తాగాడు.

అంతలో పై ఇంట్లో ఎవరో ఫ్లష్ నొక్కారు. గోడలోని పైపు దడదడలాడుతూ దిగింది. మా కళ్ల ముందే నీలి నీళ్లు వణికాయి, మధ్యలో గుంటపడ్డాయి, గుడగుడమన్నాయి. కిందనుంచి ఎవరో నోరు పెట్టి పీల్చినట్టు ఒక్క గుక్కలో మాయమయ్యాయి. ఖాళీ ట్రాప్‌లోంచి కంపు గుప్పుమంది.

"ఇదే చప్పుడు సార్! నేను చెప్పిన చప్పుడు ఇదే!" అంది ఆమె.

"ఎవడో తాగిండు సార్" అన్నాడు మేస్త్రీ, చాయ్ గ్లాసు పక్కన పెట్టి.

కొత్తగా చేరిన పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పెట్టి వంచితే నూనె గుడుక్కు గుడుక్కుమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పెడితే గాలి లోపలికి పోయి ధార సాఫీగా వస్తుంది. నిలువు పైపు డాబా మీద నోరు తెరుచుకుని ఉండేది ఆ రెండో చిల్లు కోసమే. పైనుంచి నీళ్లు జారిపడేటప్పుడు వాటి వెనక గాలి కావాలి. డాబా మీంచి గాలి అందకపోతే, పైపు ఎక్కడ సులువుగా దొరికితే అక్కడి నుంచి లాక్కుంటుంది. పై ఇంటి బాత్రూం ఆమధ్య బాగుచేసినప్పుడు లోతైన ట్రాప్ వేశాం. మధ్య ఇంటిది పాతది, లోతు తక్కువ. అందుకే దాని నీళ్లే లాగేస్తోంది.

"అన్నా, డాబా మీద పైపు నోరు మూసుకుపోయింది. పైకి పోదాం పా" అన్నాను.

మేస్త్రీ మెట్ల మలుపు దాకా వచ్చి ఆగిపోయాడు. "వడియాల దినాలు సార్. మనం పోవద్దు."

ఇది మా వాళ్లలో ఎవరూ కాగితం మీద రాయని నియమం. మురుగు పని చేసేవాళ్లం తిండి ఎండబోసిన డాబా ఎక్కం. ఎక్కొద్దని ఆ బ్లాకులో మాకు ఎవరూ చెప్పలేదు. మేమే మర్యాద అనుకుని మానేసేవాళ్లం. డాబా మీద చూడవలసిన పనులన్నీ వానలు పడి వడియాలు డబ్బాల్లోకి వెళ్లాక చూసేవాళ్లం. ఆ మర్యాద మేస్త్రీకి ఎలా అంటిందో ఆ రోజే మొదటిసారి చెప్పాడు. పనిలో చేరిన కొత్తలో ఒక ఇంటి డాబా మీద ట్యాంకు పని చేసి, వడియాలు ఎండబోసిన బట్టల పక్కనుంచి నడిచి దిగాడట. "నేను మెట్లు దిగకముందే ఆ వడియాలన్ని ఊడ్చి కింద పారబోసిన్రు సార్. నా నెత్తి మీది నుంచే పడ్డయి. అప్పటికెల్లి ఎక్కలే."

మేం గొంతు తగ్గించి మాట్లాడుతున్నా పైనుంచి కేక వినబడింది. "ఎవలది, మెట్ల మీద గుసగుస?"

"డ్రైనేజోళ్లం అవ్వా. డాబా మీద పైపు సూడాలె" అన్నాడు మేస్త్రీ కదలకుండానే.

"సూడాలంటె రాండ్రి. మెట్ల మీద కూసుంటె పైపు కనవడ్తదా?"

"వడియాలు ఎండవోసిన్రు గదవ్వా."

"ఎండవోస్తె? చెప్పులు ఆడ ఇడిశి రాండ్రి. పొద్దుగాల మా మనవరాలు చెప్పుల కాళ్లతోటి తొక్కుకుంట పోయింది. దానికంటె మీరే నయం."

డాబా నిండా తెల్లటి పాత పంచెలు పరిచి ఉన్నాయి. వాటి మీద వరసలు వరసలుగా బియ్యప్పిండి వడియాలు, ఇంకా పచ్చిగా మెరుస్తున్నాయి. వాటి నడుమ నడుమెత్తున మా పైపు. దాని మూతికి ప్లాస్టిక్ కాగితం, మీద పాత చీర ముక్క, చుట్టూ బిగించి తాడు, ఆ పైన బోర్లించిన చెంబు. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టినంత శ్రద్ధగా కట్టి ఉంది.

"ఇది ఎవరు కట్టినరు అవ్వా?"

"నేనే. కంపు కొడ్తది బిడ్డా, వడియాలకు పట్టుకుంటది. ఏటా పిండి కలిపిన దినం కడ్త, వాన మబ్బు పట్టంగనె ఇప్పుత. సూడు, చీమ సుత దూరది."

మేస్త్రీ పిట్టగోడకు చేరగిలబడ్డాడు. "అయిపాయె సార్. నా శాలువా పోయింది."

అవ్వకు నూనె డబ్బా సంగతి చెప్పాను. ఆమెకు ఒక్కసారికే అర్థమైంది. పైపు మీది చెంబు తీసి చేతిలో పట్టుకుంది.

"అంటే ఈడ నేను మూతి కడ్తె, ఆడ ఆ పిల్ల ఇంట్ల కంపు లేస్తుందా?"

"అవునవ్వా."

"మా కోడలు సంతకం వెట్టనన్నది బిడ్డా. నేనే వెట్టుమన్న."

నేను నిజమే చెప్పాను. ఈ పైపు ఒకప్పుడు మనిషి తల దాటి ఉండేది, కంపు గాలిలో పైకి పోయేది. డాబా మరమ్మతులో పై ముక్క విరిగితే మా విభాగం వాళ్లం మళ్లీ వేయలేదు, పొట్టిగానే వదిలేశాం. తప్పు ఆమె ఒక్కదానిదే కాదని చెప్పాను.

ఆమె ఒప్పుకోలేదు. "పైపు మీరు కోసిన్రు. సంతకం మీరు వెట్టియ్యలే గదా."

అప్పుడు మేస్త్రీ వైపు తిరిగి, "నా వేళ్లతోటి ముడి రాదు. నువ్వు ఇప్పు" అంది. ఆయన వడియాల బట్టల మధ్య ఒక్కొక్క అడుగూ చూసి వేస్తూ వెళ్లి ముడి విప్పాడు. నేను కిందికి పరుగెత్తి ట్రాప్‌లో మళ్లీ నీలి నీళ్లు పోసి, పైన ఫ్లష్ నొక్కమని కేకేశాను. గోడలో పైపు దడదడలాడింది. నీళ్లు ఒక్కసారి కదిలి, నిలబడ్డాయి.

"పోలే సార్! నిలవడ్డయి!" అంది మధ్య ఇంటామె. ఆ తర్వాత గోడకు ఆనుకుని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నేను మళ్లీ పైకి వెళ్లేసరికి అవ్వ కోడల్ని పిలిచి ఉంది. "ఆ గ్రూపు తీసి మాట్లాడేది ఒత్తు" అంది. కోడలు ఫోన్ ఆమె నోటి దగ్గర పట్టుకుంది. అవ్వ ఫోన్ చెవిటిదనుకుందో ఏమో, బ్లాకంతా వినబడేలా మాట్లాడింది.

"అందరు ఇనుండ్రి. కంపు మధ్య ఇంటి పిల్లది కాదు, నాది. డాబా మీద పైపుకు నేను గుడ్డ కట్టిన, అందుకె ఆమె ఇంట్ల కంపు లేశింది. మేం ఆ అర్జీ వాపస్ తీసుకుంటున్నం. మీరు సుత తీసుకోండ్రి. తీసుకోం అనేటోళ్లు ఎవలన్న ఉంటె నా దగ్గరికి రాండ్రి, మాట్లాడుకుందం. పోయినేడు వడియాలు మస్తున్నయి అన్నోళ్లందరు ఇది యాదికుంచుకోండ్రి."

తర్వాత పళ్లెంలో పోయినేడాది వడియాలు పోసుకుని, గోడ పట్టుకుంటూ మధ్య ఇంటికి దిగింది. నేను మెట్ల మీదే ఆగిపోయాను. లోపలి మాటలు వినబడ్డాయి.

"బిడ్డా, తప్పయింది."

"ముందుగాల కూసో అవ్వా. మెట్లు దిగి వచ్చినవ్, దమ్ము తీసుకో." పీట జరిపిన చప్పుడైంది. ఆ తర్వాత మళ్లీ ఆమె గొంతే. "పోయినసారి జాకెట్ చంకల కాడ గుంజింది అన్నవట గదా. లే, కొలత తీస్త."

నా రిపోర్టులో లోపం వాడకంలో లేదని, గాలికోసం ఉన్న పైపు పొట్టిగా ఉండడమే కారణమని, దాన్ని ఎత్తు చేయాలని రాశాను. పేర్లు రాయలేదు. రాయలేదని అవ్వకు నా మీద కోపమొచ్చింది. మేడమ్ చదివి, ఇంకేమీ అడగకుండా సంతకం చేసింది. గ్రూపులో నోరు చేసుకున్నవాళ్లు ఒక్కొక్కరే జాకెట్ బట్టలతో మధ్య ఇంటికి వెళ్లారు. క్షమించమని ఎవరూ అడిగినట్టు లేదు. పండక్కి ముందే కావాలని మాత్రం అడిగారట. ఆ కుటుంబం ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

ఆ ఎండలు దాటకముందే కొత్త పైపు ముక్క వచ్చింది. మనిషి తల దాటేలా ఎత్తు చేశాం. దాని నోట్లో పిట్టలు గూడు కట్టకుండా, గాలి మాత్రం ఆగకుండా, మధ్య ఇంటామె నెట్ బట్టతో చక్కని టోపీ కుట్టి తెచ్చింది. మేస్త్రీ నిచ్చెనెక్కి దాన్ని తొడిగాడు. దిగి వస్తూ అవ్వతో, "ఆ శాలువా వాపస్ ఇయ్యాల్నా అవ్వా?" అన్నాడు.

"ఎందుకు? అప్పుడు ఊకెనే కప్పిన్రు. ఇప్పుడు అది నీది. ఆ ముచ్చట తర్వాత. నీడ వస్తున్నది, ఈ బట్ట ఎండల్కి జరపాలె. జెర ఆ కొస పట్టు."

మేస్త్రీ నా వైపు చూశాడు. తర్వాత కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా రుద్ది రుద్ది చేతులు కడుక్కున్నాడు. అవ్వ తొందరపెట్టలేదు. ఆయన వచ్చి, వడియాల పంచె కొస రెండు చేతులతో ఎత్తాడు. ఇంకో కొస అవ్వ పట్టుకుంది, ఇంకోటి బ్లౌజులు కుట్టే ఆమె.

"ఆడ నిలవడి ఏం సూస్తున్నవ్ సారూ? నాలుగోది ఎవలు పట్టాలె?" అంది అవ్వ.

నేను చేతులు కడుక్కుని వెళ్లి పట్టుకున్నాను.